రివాల్వర్‌లో ఆ సన్న సందు

కెనడాలోని రెజైనాలో ఉన్న ఆర్‌సీఎంపీ (ఆ దేశపు జాతీయ పోలీసు దళం) హెరిటేజ్ సెంటర్ చూసొచ్చిన మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, గుండు ముందుకే పోతుంది కదా, సినిమాల్లో రివాల్వర్ పక్కల నుంచి కూడా మంట ఎందుకొస్తుంది?"

సందు ఉంది కాబట్టి. తిరిగే సిలిండర్‌కీ కదలని గొట్టానికీ మధ్య మిల్లీమీటరులో ఆరేడో వంతు ఖాళీ వదులుతారు. తూటా పేలగానే పుట్టిన వాయువులో కొంత అక్కడే జారిపోయి, గుండు వేగం కాస్త తగ్గుతుంది. పోనీ సందు మూసేస్తే? కాల్చేకొద్దీ సిలిండర్ వేడెక్కి ఉబ్బుతుంది, మందు మసి పేరుకుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది. వేగం కావాలా, తిరగడం కావాలా అన్న బేరంలో తయారీదారులు తిరగడాన్నే ఎంచుకున్నారు.

ఆ తిరగడం కూడా ముచ్చటైన పని. ట్రిగ్గర్ నొక్కితే ఒక చిన్న కొక్కెం సిలిండర్ వెనక పళ్లను నెట్టి ఒక గది మేర తిప్పుతుంది. మరో మీట గాడిలో పడి దాన్ని ఆపుతుంది. అప్పుడే సుత్తి పడాలి. గది గొట్టానికి సూటిగా రాకపోతే గుండు అంచు చెక్కుకుపోతుంది, ఆ సీసం తునకలు సందులోంచి పక్కలకు చిమ్ముతాయి. చిన్న తేడాను సర్దడానికే గొట్టం వెనక మూతిని గరాటులా మలుస్తారు. ఈ కదలికలన్నిటికీ శక్తి వేలిదే, తూటాది కాదు. అందుకే ఒక తూటా తుస్సుమన్నా మళ్లీ నొక్కితే తర్వాతి గది వచ్చేస్తుంది.

బెల్జియంకు చెందిన లియోన్ నాగంట్ మాత్రం ఆ సందును వదల్లేదు. 1895లో రష్యా తీసుకున్న ఆయన రివాల్వర్‌లో సుత్తి వెనక్కి వెళ్తుంటే సిలిండరే ముందుకు జరిగి గొట్టాన్ని హత్తుకుంటుంది. గుండును పూర్తిగా లోపల దాచుకున్న పొడవాటి ఇత్తడి తొడుగు మూతి గొట్టంలోకి దూరి, పేలినప్పుడు ఉబ్బి, కుక్కర్ గ్యాస్కెట్‌లా సందును మూస్తుంది. ఎంత తెలివి! కానీ ఆ జరుపుడు పని కూడా వేలి మీదే పడింది. ట్రిగ్గర్ మొండిగా బరువెక్కింది. ఏడు తూటాలనూ పక్క కిటికీలోంచి ఒక్కొక్కటిగా నింపాలి, ఖాళీ తొడుగులనూ ఒక్కొక్కటిగానే తోసేయాలి.

అతితెలివి ఫలితం రెజైనా కూడా చూసింది. 1882లో ఆర్‌సీఎంపీకి పూర్వరూపమైన నార్త్ వెస్ట్ మౌంటెడ్ పోలీసు కేంద్రం ఇక్కడికొచ్చింది. కమిషనర్ ఇర్విన్ హయాంలో వాళ్లకు ఎన్‌ఫీల్డ్ మార్క్ 2 రివాల్వర్లు అందాయి. అందులో ఓవెన్ జోన్స్ అనే అమెరికన్ చేసిన ఏర్పాటంటే నాకు మహా ఇష్టం. గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ ముందుకు జరుగుతుంది, తొడుగుల అంచులు మాత్రం వెనకే పట్టుబడి ఉంటాయి. పేలిన తొడుగు పొట్టిది కనుక బయటపడాలి. పేలనిది గుండుతో సహా పొడవు కనుక గదిలోనే మిగలాలి. లెక్క బాగుంది, కాకపోతే అడుగు గదుల్లోని ఖాళీ తొడుగులు తరచూ అక్కడే ఇరుక్కునేవి. గుర్రం మీద ఉన్నవాడు, అదీ మైనస్ 40 దాకా దిగే చలిలో, మొద్దుబారిన వేళ్లతో వాటిని గిల్లి తీయాలి! బ్రిటిష్ సైన్యం 1887లోనే వెబ్లీ రివాల్వర్‌కు మారింది. ఇక్కడ 1904 చివర నుంచి కోల్ట్ న్యూ సర్వీస్ వచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, ఒక్క తోపుతో ఆరు తొడుగులూ రాలిపోతాయి.

ఆ తర్వాత 1954లో స్మిత్ అండ్ వెసన్ .38, 1990లలో సొంత పేలుడు శక్తితోనే తర్వాతి తూటా ఎక్కించుకునే 9 మి.మీ. పిస్తోలు వచ్చాయి.

యంత్రంగా చూస్తే నా ఓటు కోల్ట్‌కే. నాగంట్ మిగిల్చిన ఆ కొద్ది వేగం, ట్రిగ్గర్ దగ్గర వేలు కట్టిన మూల్యానికి సరిపోదు.