బండి కాని ఓడ

సబ్బవరం జంక్షన్‌లో నిలబడితే సముద్రం కనబడదు, ఉప్పుగాలి వాసనైనా తగలదు. ఒకపక్క అనకాపల్లి వైపు పోయే లారీలు, ఇంకోపక్క పెందుర్తి బస్సు కోసం ఎదురుచూసే జనం. అయినా ఓడల గురించి చదువుకోవాలంటే కుర్రాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికే వస్తారు. మండలంలోని వంగలి గ్రామంలో ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ వారి విశాఖపట్నం క్యాంపస్ ఉంది. ఓడ ఎందుకు తేలుతుంది, ఎంత ఒరిగితే తిరిగి లేస్తుంది, ఎంత ఒరిగితే ఇక లేవదు అన్న లెక్కలన్నీ ఈ మెట్టనేల మీదే నేర్పుతారు.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. మన పెద్దలు కలిమిలేముల గురించి చెప్పిన మాటే అయినా, ఉక్కు ఓడల విషయంలో ఇది అక్షరాలా జరుగుతుంది. ముసలిదైపోయిన ఓడను ఒడ్డుకెక్కించి ముక్కలు కోస్తారు. ఆ రేకులు కాలి, సాగి, ఊచలై ఏ ఇంటి స్లాబులోకో చేరతాయి. కరిగిన తుక్కు ఏ బండి ఇరుసో అవుతుంది. ఆ గతి అంచుదాకా వెళ్లి వెనక్కి తిరిగిన ఓడొకటి 2022 జూన్‌లో విశాఖ రేవుకి వచ్చింది. పత్రికలు దాన్ని కార్డీలియా ఎంప్రెస్ అని రాశాయి. విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి విహారయాత్ర అన్నారు. టికెట్ కొన్నవాళ్లలో చాలామందికి ఆ ఓడ వయసు 32 ఏళ్లని తెలిసుండదు.

దాని పుట్టిల్లు ఫ్రాన్స్‌లో లోయర్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న సెయింట్ నజైర్ ఓడల కర్మాగారం. అడ్మిరల్ క్రూజెస్ అనే కంపెనీ కోసం ఫ్యూచర్ సీస్ అనే పేరు అనుకుని పని మొదలెట్టారు. ఓడ పూర్తయ్యేలోగా ఆ కంపెనీ రాయల్ కరీబియన్‌లో కలిసిపోయింది. దాంతో 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీళ్లమీదకొచ్చింది. మయామీ నుంచి బహామాస్ దీవులకు మూడు నాలుగు రోజుల్లో వెళ్లొచ్చే చిన్న యాత్రల కోసమే దీన్ని కట్టించారు. వారాల తరబడి సెలవు దొరకని ఉద్యోగస్తులే దాని లెక్కలో ప్రయాణికులు. ముప్పై ఏళ్ల తరవాత మన దేశంలో దానికి గిరాకీ తెచ్చినదీ ఆ పొట్టి ప్రయాణమే.

పొడవు 211 మీటర్లు, వెడల్పు సుమారు 31 మీటర్లు, పదకొండు అంతస్తులు, దాదాపు 800 గదులు. టన్నేజీ 48,563. ఈ చివరి అంకె చూసి ఓడ బరువు అనుకుంటాం. కాదు, అది చోటుకి కొలత. వెనకటికి యూరప్‌లో ఓడలో ఎన్ని ద్రాక్షసారా పీపాలు పడతాయో లెక్కేసి సుంకం వేసేవారు. ఆ పీపా పేరే టన్. పీపాలు పోయాయి గాని మాట మిగిలింది. ఇప్పటి సూత్రంలో ఈ అంకెను తిరగేస్తే లోపలి చోటు దాదాపు లక్షా 60 వేల ఘనపు మీటర్లు తేలుతుంది. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న మన ఇంటి గదులు నాలుగు వేలు పేర్చినంత.

ఇంత చోటులోకి మనిషి అడుగుపెట్టే పద్ధతి చూడండి. రేవు గేటు దగ్గరే పెట్టె మన చేతిలోంచి పోతుంది. దానికి గది నంబరు చీటీ కట్టి ఎక్స్‌రేలోకి తోస్తారు. పాస్‌పోర్టో ఆధారో చూసి, ఫొటో తీసి, ఒక ప్లాస్టిక్ కార్డు చేతిలో పెడతారు. ఆ కార్డే తాళంచెవి, అదే పర్సు, అదే హాజరు పట్టీ. ఎవరు ఓడలో ఉన్నారో, ఎవరు రేవులో దిగి ఇంకా ఎక్కలేదో బయల్దేరేముందు లెక్క తేలేది దానితోనే. తరవాత గ్యాంగ్‌వే. పొద్దున నిటారుగా ఉన్న ఆ మెట్లవంతెన మధ్యాహ్నానికి వాలుగా కనిపిస్తుంది. పోటూపాటూ ఓడను ఎత్తి దించుతుంటే ఒడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది కదా.

గదిలో మొదట కాలికి తగిలేది గడప. స్నానాలగదికి జానెడు ఎత్తు గడప కట్టి ఉంటుంది. మన ఇళ్లలో గడపకి పసుపు రాస్తాం. ఇక్కడ గడప పని ఓడ ఊగినప్పుడు నీళ్లు మంచం కిందికి రాకుండా ఆపడం. గోడకి చిన్న అయస్కాంతం పెడితే చాలు, అతుక్కుంటుంది. అందంగా కనిపించే ఆ రేకు వెనక ఉన్నదంతా ఉక్కే. మరుగుదొడ్డి మీట నొక్కితే ఉరిమినట్టు చప్పుడై నీళ్లు మాయమవుతాయి. గొట్టాల్లో గాలి తీసేసి ఉంచుతారు కాబట్టి లీటరు నీళ్లతో పనైపోతుంది. ఇంట్లో అదే పనికి ఆరేడు లీటర్లు పోస్తాం.

మరి మంచినీళ్లో? కొంత రేవులో నింపుకుంటారు, కొంత సముద్రంలోంచే తీస్తారు. ఇంజన్లను చల్లబరిచి వేడెక్కిన నీళ్ల వేడి ఎలాగూ వృథాయే. ఆ కాస్త వేడికి ఉప్పునీళ్లు మరగవు. అందుకని పాత్రలో గాలి లాగేసి ఒత్తిడి తగ్గిస్తారు. ప్రెషర్ కుక్కర్‌ని తిరగేసిన సూత్రమన్నమాట. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగి నీళ్లు నూరు డిగ్రీలు దాటాక మరిగితే, ఇక్కడ యాభై అరవై డిగ్రీలకే ఆవిరవుతాయి. ఉప్పు అడుగున మిగిలిపోతుంది, ఆవిరి చల్లబడి ట్యాంకుకి చేరుతుంది.

పెట్టె ఇంకా గదికి రాకముందే గంట మోగుతుంది. ఏడు పొట్టి మోతలు, ఒక పొడుగు మోత. అందరూ తమకు చెప్పిన చోటికి వెళ్లి నిలబడాలి, లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూడాలి. భోజనం చల్లారిపోతోందని విసుక్కునేవాళ్లుంటారు. ఈ విసుగు వెనక రెండు ఓడలున్నాయి. 1912లో టైటానిక్ మునిగాక కొన్ని దేశాలు కూర్చుని 1914లో సముద్ర భద్రతా ఒప్పందం రాసుకున్నాయి. ఆ తరవాత కూడా, ఎక్కిన 24 గంటల్లోగా ఈ కసరత్తు జరిపితే చాలనే వెసులుబాటు చాలాకాలం ఉండేది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా రాతికి గుద్దుకుంది. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు కసరత్తు ఇంకా జరగలేదు. 32 మంది పోయారు. ఇప్పుడు ఆ గంట మోగాకే ఓడ కదలాలి, లేదా కదిలీ కదలగానే మోగాలి.

ఓడ కదిలాక డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లిగా వెనక్కి జారుతుంది. జూన్ అంటే నైరుతి కాలం, బంగాళాఖాతం ఊరికే ఉండదు. మరి గ్లాసులో నీళ్లు తొణకవెందుకు?

ఓడ ఒక పక్కకి ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ మునుగుతుంది. ఎక్కువ మునిగినచోట నీరు ఎక్కువ బలంతో పైకి తోస్తుంది, ఓడ లేస్తుంది. ఈ తోపు మరీ బలంగా ఉంటే ఓడ మునగదు గాని, ఒక్క ఊపున లేచి జనాన్ని విసిరికొడుతుంది. బలం తక్కువైతే నెమ్మదిగా ఊగుతుంది, హాయిగానే ఉంటుంది గాని తిరిగి లేచే శక్తి తగ్గుతుంది. హాయికీ భద్రతకీ మధ్య ఎక్కడ ఆగాలన్నదే ఓడ గీసేవాడికి పరీక్ష. వంగలి విద్యార్థి నోటుపుస్తకంలో పేజీలకు పేజీలు తినేసేది ఈ లెక్కే.

మిగిలిన ఊపుని రెక్కలు చూసుకుంటాయి. ఇలాంటి ఓడలకు నీటి కింద రెండు పక్కలా రెక్కలుంటాయి. రేవులో లోపలికి ముడుచుకుంటాయి, సముద్రంలో బయటికి చాచుకుంటాయి. బస్సు కిటికీలోంచి అరచెయ్యి బయటపెట్టి కాస్త పైకి వంచితే గాలి చేతిని ఎత్తేస్తుంది, కిందికి వంచితే నొక్కేస్తుంది. చిన్నప్పుడు పెందుర్తి బస్సులో కండక్టర్ చేత తిట్లు తిన్న ఆటే. ఓడ ఏ పక్కకి ఒరుగుతోందో గైరోస్కోపు కనిపెడుతుంది. ఆ పక్క రెక్క పైకి తోస్తుంది, అవతలి రెక్క కిందికి నొక్కుతుంది. 1936లో ఐల్ ఆఫ్ సార్క్ అనే బ్రిటిష్ ఓడకి డెన్నీ-బ్రౌన్ రెక్కలు బిగించాక ఈ పద్ధతి నిలదొక్కుకుంది. కాకపోతే బస్సు ఆగితే చేతికి గాలి తగలనట్టే, ఓడ ఆగితే రెక్కలకు పని లేదు. తగిన వేగం అందుకుంటేనే వాటి సత్తా.

ఇదే సముద్రం మీద ఇంతకు ముందు వెళ్లినవాళ్లకి రెక్కలూ లేవు, గదులూ లేవు. విశాఖ, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి ఉత్తరాంధ్ర కూలీలు స్టీమర్లెక్కి రంగం పోయేవారు. రంగం అంటే రంగూన్. కోరంగి రేవు పేరుతో అక్కడ వాళ్లని కోరంగీలని పిలిచేవారు. టికెట్‌కి దొరికేది గది కాదు, డెక్ మీద చాప పరుచుకునేంత చోటు. అక్కడే వంట, అక్కడే నిద్ర, వాన వస్తే అక్కడే తడవడం. రంగూన్ రేవులో మూటలు మోసి, వడ్లమిల్లుల్లో పనిచేసి ఇంటికి డబ్బు పంపారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు చాలామంది కాలినడకన తిరిగొచ్చారు. విశాఖ రేవు తెరిచిన రోజున, 1933 అక్టోబర్ 7న, మొదట లోపలికొచ్చినది కూడా ప్రయాణికుల ఓడే, సింధియా కంపెనీ వారి జలదుర్గ. ఈ ఊళ్లో ఓడెక్కడమంటే అప్పట్లో పొట్ట చేతపట్టుకోవడమే. అదే నీటి మీద సరదాకి, డబ్బిచ్చి, గ్లాసు తొణక్కుండా తిరిగిరావడం మనకి నిన్నమొన్నటి సంగతి.

మన ఎంప్రెస్ దగ్గరికే వద్దాం. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నట్టు, దాని పేరు యజమానుల అవసరాన్ని బట్టి మారుతూ వచ్చింది. 2004లో ఎంప్రెస్ ఆఫ్ ది సీస్. 2008లో స్పెయిన్ కంపెనీ పుల్‌మంతూర్ చేతికెళ్లి వట్టి ఎంప్రెస్. 2016లో మళ్లీ పాత ఇంటికి, పాత పేరుకి. 2017 ఏప్రిల్‌లో మయామీ నుంచి హవానా వెళ్లింది. క్యూబాకి రాయల్ కరీబియన్ వేసిన తొలి ప్రయాణం ఇదే. పెద్ద ఓడలు దూరలేని రేవుల్లోకి దూరగలగడం ముసలిదానికి కలిసొచ్చింది. 2019లో అమెరికా ఆ దారి మూసేసింది, 2020 మార్చిలో కోవిడ్ అన్ని దారులూ మూసేసింది.

ఆ ఏడాది ఓడలకు యమగండం. సెయింట్ నజైర్‌లోనే పుట్టిన సావరిన్, మోనార్క్ అనే అక్కచెల్లెళ్లు జూలైలో తుర్కియేలోని అలియాగా ఒడ్డుకెక్కాయి. మన ఎంప్రెస్ పుట్టిన 1990లోనే ఇటలీలో పుట్టి, చివర్లో కర్ణిక పేరుతో ముంబయి నుంచి తిరిగిన ఓడ గుజరాత్‌లోని అలంగ్‌లో కోతకి చేరింది. ఎంప్రెస్ వంతు కూడా వచ్చినట్టే కనిపించింది. డిసెంబర్‌లో అమ్మేశారు. కొన్నది మాత్రం తుక్కు వ్యాపారి కాదు. 2021 సెప్టెంబర్‌లో అది కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ జెండాతో ముంబయి నుంచి బయల్దేరింది. పెద్ద ఓడలతో పోటీలో వెనకబడ్డ ఆ చిన్న ఒళ్లూ, మూడు రోజుల ప్రయాణానికి కుదిరిన ఆ గదులూ ఇక్కడ సరిగ్గా సరిపోయాయి.

2022లో అది విశాఖకి వచ్చినప్పుడు ఇలాంటి ఓడలకంటూ ఇక్కడ టెర్మినల్ లేదు. 2023 సెప్టెంబర్ 4న ఔటర్ హార్బర్‌లో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సుమారు 96 కోట్ల ఖర్చు. 2024 ఏప్రిల్‌లో అక్కడికి ద వరల్డ్ వచ్చింది. అందులో జనం గదులు సొంతానికి కొనుక్కుని కాపురమే పెడతారు.

ఓడ దిగాక ఒక తమాషా ఉంది. ఊపుకి అలవాటు పడిన మెదడు నేలమీదకొచ్చినా ఆ లెక్క వెంటనే మానదు. నిలబడిన నేల ఊగుతున్నట్టుంటుంది, ఒక పూటో రెండు పూటలో. రేవు గేటు దాటి, గోపాలపట్నం, పెందుర్తి మీదుగా సబ్బవరం వచ్చే బస్సులో కూర్చుంటే, సీటు ఎడమకి ఒరిగి కుడికి లేస్తుంది. డ్రైవరు తప్పేం లేదు, రోడ్డూ బాగానే ఉంది. సామెతలో రెండో సగం అది. ఓడ బండి కాలేదు గాని, ఈ బండి మాత్రం కాసేపు ఓడైంది.