మామ ఫోన్ నిండా టెంకాయలే ఎందుకు?

పోయిన వేసవిలో కళ్యాణదుర్గం పక్కన మా మామ వాళ్ల ఊరికి వెళ్లా. ఆయన రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది అప్పు తెచ్చి వేయాలి. పాయింట్ ఎక్కడ పెట్టాలో చూద్దామని ఒక వీడియో యాప్‌లో వెతికి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు కనిపెట్టే వీడియో చూశాడు. అంతే, ఫీడ్ మొత్తం అవే.

"యాడ నొక్కినా టెంకాయే వస్తాండాదిరా. ఇంతమంది చూస్తాండారంటే నిజమే అయింటాది కదా?"

సగం కరెక్టే. మనకంటే ముందు వెతికినవాళ్లే మనకి దారి చూపిస్తారు. 2004లో వచ్చిన గూగుల్ సజెస్ట్ నుంచి ఇప్పటి ఆటోకంప్లీట్ దాకా, జనం ఎక్కువగా వెతికిన మాటలే ముందుకొస్తాయి. క్లిక్స్ కూడా లెక్కే. గూగుల్‌లో 'నావ్‌బూస్ట్' అనే సిస్టమ్ 13 నెలల యూజర్ క్లిక్ డేటాని వాడుతుందని 2023లో అమెరికా కోర్టులో ఆ కంపెనీ వైస్ ప్రెసిడెంట్ పాండు నాయక్ చెప్పారు.

ఫోన్ కొనేటప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. మోడల్ పేరు టైప్ చేసి ఒక స్పేస్ ఇచ్చి ఆగండి. 'హీటింగ్ ప్రాబ్లమ్', 'గ్రీన్ లైన్' లాంటివి కనిపిస్తే, కొన్నవాళ్లు దేనికోసం తిప్పలు పడుతున్నారో అర్థమైపోతుంది. నేనైతే స్పెక్స్ షీట్ కంటే ముందు ఇదే చూస్తా.

బోరు సంగతి వేరు. వీడియో ఎంతమంది చూశారో యాప్‌కి తెలుసు. చూసి బోరు వేస్తే నీళ్లు పడ్డాయా లేదా అన్నది తెలీదు. నీళ్లు పడనివాడు వెనక్కొచ్చి ఆ మాట యాప్‌కి చెప్పడు కదా! అనంతపురంలో కింద ఎక్కువగా గట్టి రాయి. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. వ్యూస్‌కి, ఆ పగుళ్లకి సంబంధమే లేదు.

మామ ఫోన్‌లో వాచ్ హిస్టరీ క్లియర్ చేశా. 'రెసిస్టివిటీ సర్వే' అని వెతికి, భూమిలోకి కరెంటు పంపి రాయి ఎలా ఉందో అంచనా వేసే వీడియోలు నాలుగు చివరిదాకా ప్లే చేయించా. రాష్ట్ర ప్రభుత్వ ఏపీ డబ్ల్యూఆర్ఐఎంఎస్ సైట్‌లో భూగర్భ జలమట్టాలు చూపించా. ఆ సైట్ ఉందని కూడా ఆయనకి తెలీదు. మూడో రోజుకి ఫీడ్‌లో సర్వే మెషిన్లు రావడం మొదలైంది.

ఇప్పుడు మామ సర్వే చేయించడానికి ఒప్పుకున్నాడు. టెంకాయ ఆయన్ని కూడా పిలుస్తాడంట. "ఇద్దరూ ఒకే చోట చూపిస్తే అప్పుడు వేస్తా" అంటున్నాడు.