సబ్‌నెట్ మాస్కు

ఒక ఐ.పి. చిరునామాలో ఎంత భాగం నెట్‌వర్కును, ఎంత భాగం అందులోని కంప్యూటరును సూచిస్తున్నదో తెలిపే సంఖ్యను సబ్‌నెట్ మాస్కు అంటారు. పెద్ద నెట్‌వర్కును విభజించగా ఏర్పడిన చిన్న నెట్‌వర్కు సబ్‌నెట్. ఈ వ్యాసం ఐ.పి. 4వ కూర్పు చిరునామాలకు సంబంధించినది.

చరిత్ర

1981 నాటి పద్ధతిలో చిరునామాలను ఎ, బి, సి తరగతులుగా కేటాయించేవారు. సి తరగతి నెట్‌వర్కులో 254 యంత్రాలకు, బి తరగతిలో 65,534 యంత్రాలకు చోటుండేది. 300 కంప్యూటర్లు గల సంస్థకు మొదటిది చాలదు. రెండవది తీసుకుంటే 65 వేలకు పైగా చిరునామాలు వృథా. ఈ ఇబ్బందులను తగ్గించుటకు 1985లో సబ్‌నెట్ పద్ధతి, 1993లో తరగతులతో నిమిత్తం లేని సి.ఐ.డి.ఆర్. పద్ధతి ప్రామాణికమయ్యాయి. అయినప్పటికీ 2011 ఫిబ్రవరిలో ప్రపంచస్థాయి చిరునామాల నిల్వ పూర్తిగా పంపిణీ అయిపోయింది.

మాస్కు స్వరూపం

చిరునామా వలెనే మాస్కులోను 32 బిట్లు ఉంటాయి. ఎడమవైపు వరుసగా 1లు, ఆ తరువాత 0లు. 1లు ఉన్నంత మేర నెట్‌వర్కు భాగం, మిగిలినది కంప్యూటరు భాగం. ఉదాహరణకు 255.255.255.192 అనే మాస్కులో చివరి సంఖ్య ద్విసంఖ్యామానంలో 11000000. మొత్తం 1లు 26 కనుక దీనిని క్లుప్తంగా /26 అని వ్రాస్తారు.

పరిమాణం

/26లో మిగిలిన బిట్లు 6. ఆరు 2లను హెచ్చించగా 64 చిరునామాలు వస్తాయి. సాధారణంగా మొదటిది నెట్‌వర్కుకు, చివరిది అందరికీ ఒకేసారి పంపే సందేశాలకు (బ్రాడ్‌కాస్ట్) కేటాయించబడతాయి. కనుక యంత్రాలకు దక్కేవి 62. ఇదే విధంగా /27లో 30, /28లో 14. రూటరుకు కూడా వీటిలోనే ఒకటి ఇవ్వాలి.

ఉదాహరణ

ఒక కళాశాలకు 192.168.10.0/24 ఉన్నదనుకుందాం. ప్రయోగశాలలో 50, కార్యాలయంలో 25, గ్రంథాలయంలో 10 కంప్యూటర్లు ఉన్నాయి. చివరి సంఖ్యను ఇలా పంచవచ్చు:

* ప్రయోగశాల: /26, 0 నుండి 63 వరకు
* కార్యాలయం: /27, 64 నుండి 95 వరకు
* గ్రంథాలయం: /28, 96 నుండి 111 వరకు

112 నుండి 255 వరకు భవిష్యత్తుకు మిగులుతాయి.

ప్రతి సబ్‌నెట్ తన పరిమాణపు గుణిజం వద్దనే ప్రారంభం కావాలి. గ్రంథాలయానికి ముందుగా 0 నుండి 15 ఇస్తే, 32 చిరునామాల కార్యాలయాన్ని 16 వద్ద మొదలుపెట్టలేము. 32 వద్దకు జరపాలి, నడుమ ఖాళీ ఏర్పడుతుంది. అందువలన పెద్ద అవసరాలను ముందుగా అమర్చుట మంచిది. పెరుగుదలనూ లెక్కించాలి: పై పంపకంలో రూటరు పోగా గ్రంథాలయంలో ఇక 3 యంత్రాలకే చోటున్నది.