కంటికందని కాంతి

నిగనిగలాడే శుభలేఖను చేతిలోకి తీసుకొన్నప్పుడు ఆ మెరుపును చూచి ముచ్చటపడతాం. అనేక సందర్భాలలో అది అతినీలలోహిత కాంతి చేసిన పని. 'నీలలోహిత' శబ్దం అమరకోశంలో శివుని నామాలలో ఒకటి. నీలిమ, ఎరుపు కలిసిన ఊదా వన్నె అని దాని భావం. ఆ వన్నెకు ఆవలిది కనుక అతినీలలోహితం. వర్ణపటంలో ఊదారంగుకు అవతల, కంటికేమీ కనబడని చోట, సిల్వర్ క్లోరైడు త్వరగా నల్లబడడాన్ని గమనించి 1801లో జర్మన్ శాస్త్రజ్ఞుడు రిట్టర్ ఈ కాంతిని కనుగొన్నాడు.

సాధారణమైన సిరా కొంత కాగితంలోకి ఇంకి, కొంత గాలికి ఆరుతుంది. ఈ సిరా అట్లా ఆరదు, గట్టిపడుతుంది. ఇందులోని కాంతిప్రేరకాలు అతినీలలోహిత కిరణాలను గ్రహించి విడివడి, చుట్టుపక్కల అణువులను గొలుసుకట్టుగా ముడివేస్తాయి. రెప్పపాటులో ద్రవం ఘనమవుతుంది. పూతల సంగతీ ఇంతే.

ముద్రణాలయాలలో ఈ కాంతిని చాలాకాలంగా పాదరస దీపాలే ఇస్తున్నాయి. సాధారణ గాజు ఈ కిరణాలను చాలావరకు అడ్డగిస్తుంది కాబట్టి గొట్టాన్ని క్వార్ట్జుతో చేస్తారు. వెలుగుతున్నప్పుడు దాని ఉపరితలం 600 డిగ్రీల సెంటీగ్రేడును మించి కాగుతుంది. కాలక్రమంలో ఎలక్ట్రోడ్ల లోహం ఆవిరై గొట్టం లోపలి గోడకు మసివలె అంటుకొంటుంది. క్వార్ట్జు మసకబారుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. అతినీలలోహితం క్షీణించినా కంటికి కనబడే వెలుగు కొనసాగుతూనే ఉంటుంది! మాడిపోయినప్పుడు బల్బు మార్చే మన ఇంటి అలవాటు ఇక్కడ చెల్లదు. అందువల్ల వెలిగిన గంటలను లెక్కించి, సాధారణంగా 1000 నుంచి 1500 గంటల నడుమ దీపాన్ని మారుస్తారు. రేడియోమీటరుతో కాంతి తీవ్రతను కొలవడం ఇంకా మేలు. గోటితో గీకి, జిగురు టేపు అంటించి లాగి చూడడం కార్మికుల పాత పరీక్ష.

పైపొర గట్టిపడి, అడుగున పచ్చిగా మిగిలితే ఏమవుతుంది? శుభలేఖ అయితే రంగు చేతికంటుతుంది, అంతే. ఆహారపు పొట్లమైతే అది వేరే కథ. 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐ.టి.ఎక్స్. అనే కాంతిప్రేరకం బయటపడగా, లక్షల లీటర్ల పాలను స్వాధీనం చేసుకొన్నారు. చుట్టలుగా చుట్టిన అట్టలో వెలుపలి ముద్రణ లోపలి ముఖానికి తగిలి, ఆ పదార్థం పాలలోకి చేరింది. వెంటనే ప్రమాదమేమీ లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ తేల్చింది. అప్పుడు దీపమే దోషి అని కాదు. సిరాలో ముడిపడక మిగిలిన రసాయనం ఎంత దూరం పోగలదో ఆ ఘటన చూపింది.

కొత్త దీపం పొడవు, వాటేజి పాతదానితో సరిపోతే చాలదు. కొన్ని దీపాలలో పాదరసంతోపాటు గాలియమో ఇనుమో కలుపుతారు. దానితో వెలువడే కిరణాల తరంగదైర్ఘ్యం మారుతుంది. గాలియం దీపానికి తగిన చిక్కటి తెల్లసిరా మామూలు దీపం కింద అడుగుదాకా గట్టిపడదు. బిగించేటప్పుడు గొట్టాన్ని ఒట్టి చేతులతో తాకరాదు. చెమటలోని లవణాలు ఆ వేడికి క్వార్ట్జును పాలమచ్చలుగా చెరుపుతాయి. పొరపాటున తాకితే ఆల్కహాలుతో తుడవాలి. వెనుకనున్న ప్రతిఫలకం మురికిపట్టి ఉంటే కొత్త దీపపు కాంతిలో చాలాభాగం వృథా అవుతుంది. ఈ సంగతి మరచి, దీపం మంచిది కాదని నిందించేవారూ ఉన్నారు.

తీసివేసిన గొట్టంలో పాదరసం ఉంటుంది కనుక దానిని చెత్తకుప్పలో వేయరాదు. పగలకుండా పాత అట్టపెట్టెలోనే భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాలను స్వీకరించే చోట అప్పగించాలి.