విదేశీ సంబంధం: మంగ్నీకి ముందే తేల్చుకోవలసిన వీసా సంగతి

మన ప్రాంతంలో పిల్లకు సంబంధం వచ్చిందంటే పెద్దలు మొదట అడిగే మాట "అబ్బాయి ఎక్కడుంటాడు?" అని. కువైట్ అనో, దుబాయ్ అనో, అమెరికా అనో జవాబు వస్తే ఆ ఒక్క మాటతోనే సగం పెళ్ళి ఖాయమైపోతుంది. సింహాద్రిపురం, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల గల్ఫ్ సంపాదనతో నిలబడిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ ఆశలో తప్పేమీ లేదు.

అయితే పెళ్ళయ్యాక పిల్ల భర్త దగ్గరికి ఎప్పుడు వెళుతుంది, అక్కడ ఏ హక్కుతో ఉంటుంది అన్నది ఆ దేశంలో అబ్బాయికి ఉన్న హోదాను బట్టి ఉంటుంది. ఒకే దేశంలో ఉన్న ఇద్దరు అబ్బాయిల్లో ఒకరు ఏడాదిలో భార్యను పిలిపించుకోగలరు, ఇంకొకరు ఎన్నటికీ పిలిపించుకోలేరు. ఆ సంగతి తెలుసుకోకుండా నికాహ్ చదివిస్తే, వలీమా అయిన నెలకే అబ్బాయి విమానం ఎక్కుతాడు. పిల్ల పుట్టింట్లో కూర్చుని వీసా కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తుంది. అందుకే మెహర్ మాట్లాడుకున్నట్టే వీసా కూడా ముందుగా మాట్లాడుకోవాలి.

అబ్బాయి హోదా ఏమిటి?

విదేశంలో ఉన్నవాళ్ళు స్థూలంగా నాలుగు రకాలు. ఆ దేశ పౌరసత్వం ఉన్నవాళ్ళు. పౌరసత్వం లేకపోయినా శాశ్వత నివాసం ఉన్నవాళ్ళు, అంటే అమెరికాలో గ్రీన్ కార్డు లాంటిది. కంపెనీ ఉద్యోగం మీద తాత్కాలికంగా ఉన్నవాళ్ళు. ఇంటి పని వీసా మీద ఉన్నవాళ్ళు. భార్యను పిలిపించుకునే దారి ఈ నలుగురికీ వేరువేరు. "ఫారిన్‌లో సెటిల్ అయ్యాడు" అని మధ్యవర్తి చెప్పే మాట ఈ నాలుగింటిలో దేనికైనా సరిపోతుంది. కాబట్టి మాట మీద ఆగకుండా పాస్‌పోర్టు, అకామా, వీసా కాగితాల నకళ్ళు చూపించమని అడగాలి. నిజాయితీ ఉన్నవాళ్ళు దీనికి నొచ్చుకోరు.

గల్ఫ్ సంబంధం

మన జిల్లా నుంచి ఎక్కువగా వెళ్ళేది కువైట్‌కు. అక్కడి అకామాకు ఒక ఆర్టికల్ నంబరు ఉంటుంది. 18 అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగం, 20 అంటే ఇంటి పని, 22 అంటే కుటుంబ సభ్యులకు ఇచ్చే నివాసం. భార్యగా వెళ్ళే పిల్లకు కావలసింది 22. 2024 జనవరిలో కువైట్ ఫ్యామిలీ వీసాలను మళ్ళీ తెరిచినప్పుడు భర్త నెల జీతం కనీసం 800 దినార్లు ఉండాలని పెట్టింది. కొన్ని వృత్తులకు మాత్రం సడలింపు ఇచ్చింది. ఇంటి డ్రైవర్ జీతం ఆ దరిదాపుల్లో కూడా ఉండదు. అంటే ఆర్టికల్ 20 మీద ఉన్న అబ్బాయికి పిల్లనిస్తే, ఆమె ఇక్కడే ఉంటుందని, అతను సెలవులకు వచ్చి పోతుంటాడని ఒప్పుకున్నట్టే లెక్క. అలా ఒప్పుకుని హాయిగా సంసారం చేసుకుంటున్న కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

ఇక్కడే కొందరు ఒక అడ్డదారి చెబుతారు. భర్త డ్రైవర్‌గా ఉన్న కఫీల్ ఇంట్లోనే భార్యకు ఖద్దామా వీసా తీయిస్తే ఇద్దరూ ఒకచోటే ఉండొచ్చు అంటారు. కాగితం మీద ఆమె అక్కడ భార్య కాదు, పనిమనిషి. ఆమె నివాసం, సెలవు, పని గంటలు కఫీల్ చేతిలో ఉంటాయి. అతను ఆమెను ఇంకో ఇంటికి పంపితే భర్తకు అడ్డుచెప్పే హక్కు ఉండదు. పైగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ముప్పై ఏళ్ళలోపు స్త్రీలను గల్ఫ్‌లో ఇంటి పనికి పంపడానికి మన ప్రభుత్వం అనుమతించదు. ఆ నిబంధన తప్పించడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద వేరే దేశం మీదుగా పంపుతారు. అలా వెళ్ళిన పిల్లకు ఆపద వస్తే ఆదుకోవడానికి సరైన కాగితం ఒక్కటీ ఉండదు.

యూఏఈలో భార్యను తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హామ్‌ల జీతం, లేదా 3,000 దిర్హామ్‌లతో పాటు కంపెనీ వసతి ఉండాలి. సౌదీలో కుటుంబాన్ని ఉంచుకునే ప్రవాసి ఒక్కో సభ్యుడికి ప్రభుత్వానికి రుసుం కట్టాలి. 2017 జులైలో నెలకు 100 రియాళ్ళతో మొదలైన ఈ రుసుం ఏటా 100 పెరిగి 2020 నుంచి 400 అయింది. భార్య ఒక్కదానికే ఏడాదికి 4,800 రియాళ్ళు. ఇద్దరు పిల్లలు పుడితే 14,400. అబ్బాయి జీతంలో ఈ లెక్క తీసేశాక ఏం మిగులుతుందో చూడాలి.

అమెరికా సంబంధం

అబ్బాయి అమెరికా పౌరుడైతే ముందు రెండు దారులుంటాయి. ఒకటి, ఇక్కడ నికాహ్ చేసుకుని, పెళ్ళి నమోదు చేయించి, అతను భార్య కోసం ఐ-130 దరఖాస్తు వేయడం. పౌరుల భార్యలకు సంఖ్యా పరిమితి లేదు. దరఖాస్తు ఆమోదం పొందాక కాగితాలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళతాయి, చివరి ఇంటర్వ్యూ ముంబై కాన్సులేట్‌లో ఉంటుంది. ఆలస్యమైనా పిల్ల అక్కడ దిగేది గ్రీన్ కార్డు హక్కుతోనే. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే వెళితే మొదట రెండేళ్ళ షరతుల కార్డు ఇస్తారు. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలు కలిసి షరతు తీసేయమని దరఖాస్తు పెట్టుకోవాలి. భర్త హింసించినా, విడాకులైనా ఆమె ఒక్కతే పెట్టుకునే వీలు కూడా చట్టంలో ఉంది. ఈ ఒక్క ముక్క పిల్లకు తెలిసి ఉంటే, కార్డు పోతుందన్న భయంతో దెబ్బలు భరించాల్సిన అవసరం ఉండదు.

రెండోది కె-1, అంటే కాబోయే భార్య వీసా. ఇది పౌరులకు మాత్రమే. గత రెండేళ్ళలో ఇద్దరూ ఒకసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి. అమెరికాలో దిగిన 90 రోజుల్లో పెళ్ళి చేసుకోవాలి. మనవాళ్ళు జాగ్రత్త పడవలసినది ఇక్కడే. మన దగ్గర ముందు నికాహ్ చదివించి రుఖ్సతీ తర్వాత పెట్టుకునే అలవాటు ఉంది. నికాహ్ అయిపోయిన పిల్ల కె-1కు పనికిరాదు, ఎందుకంటే ఆమె అప్పటికే భార్య. మంగ్నీనే పెళ్ళంత ఘనంగా చేసి ఆ ఫోటోలు ఇంటర్వ్యూలో చూపిస్తే అధికారికి అనుమానం వస్తుంది. నికాహ్ ముందా, వీసా ముందా అన్నది మొదటే నిర్ణయించుకుని ఒక్క దారిలోనే నడవాలి.

గ్రీన్ కార్డు ఉన్నవారి భార్యలకు ఎఫ్2ఎ అనే వరుస ఉంది. అందులో ఏటా ఇచ్చే వీసాల సంఖ్యకు పరిమితి ఉంది కాబట్టి నిరీక్షణ తప్పదు. హెచ్-1బి ఉద్యోగుల భార్యలు హెచ్-4 మీద త్వరగా వెళ్ళగలరు కానీ, వెళ్ళగానే ఉద్యోగం చేసే హక్కు ఉండదు. భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే పని అనుమతి అడిగే వీలు 2015 నుంచి ఉంది. బీటెక్ చదివించి పంపే తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లకు ముందే చెప్పాలి.

బ్రిటన్, కెనడా

బ్రిటన్‌లో భార్యను పిలిపించుకునేవారి వార్షికాదాయ పరిమితిని 2024 ఏప్రిల్ 11న 18,600 పౌండ్ల నుంచి 29,000 పౌండ్లకు పెంచారు. పిల్లకు ప్రాథమిక ఇంగ్లీషు పరీక్ష, టీబీ పరీక్ష ఉంటాయి. భార్య వీసా మొదట రెండేళ్ళ తొమ్మిది నెలలకు ఇస్తారు. అయిదేళ్ళు నిండాక శాశ్వత నివాసం అడగవచ్చు. కాబోయే భార్యగా వెళితే ఆరు నెలలే, ఆ కాలంలో పని చేయకూడదు. కెనడాలో పౌరులు, శాశ్వత నివాసులు స్పాన్సర్ చేసిన భార్యకు నేరుగా శాశ్వత నివాసమే వస్తుంది. భర్త మూడేళ్ళ పాటు ఆమె పోషణకు పూచీ ఇవ్వాలి.

ఫోన్ నికాహ్

అబ్బాయికి సెలవు దొరకలేదని వీడియో కాల్‌లో నికాహ్ చదివించడం ఇప్పుడు ఎక్కువైంది. వకీలు ద్వారా నికాహ్ ఎలా చేయాలన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. వీసా అధికారి ప్రశ్న మాత్రం వేరు. పెళ్ళి సమయంలో ఇద్దరూ ఒకచోట లేకపోతే, ఆ తర్వాత కలిసి కాపురం చేస్తే తప్ప అమెరికా వలస చట్టం ఆ పెళ్ళిని లెక్కలోకి తీసుకోదు. ఫోన్, ఇంటర్నెట్ పెళ్ళిళ్ళను 2015 జూన్ నుంచి కెనడా అంగీకరించడం లేదు. కాబట్టి ఈ దేశాల సంబంధమైతే అబ్బాయి వచ్చేదాకా ఆగడమే మేలు.

కాగితాలు

నికాహ్‌నామా మనకు చాలు, విదేశీ కార్యాలయానికి చాలదు. మన రాష్ట్రంలో 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం ప్రకారం పెళ్ళిని నమోదు చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఎవరిని కలవాలో గ్రామ సచివాలయంలో అడిగితే చెబుతారు. కొందరు 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నమోదు చేయిస్తారు. దానికి 30 రోజుల నోటీసు ఉంటుంది. అంతేకాదు, ఆ చట్టం కిందికి వెళితే వారసత్వానికి షరీఅత్ బదులు భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. తెలియకుండా సంతకం పెట్టకండి.

మన పిల్లల పేర్లది ఇంకో చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్‌లో షేక్ రేష్మా, ఆధార్‌లో ఎస్. రేష్మ, నికాహ్‌నామాలో రేష్మా బేగం అని ఉంటే ముగ్గురు మనుషులని అనుకుంటారు. పాస్‌పోర్టులో ఉన్న పేరే నికాహ్‌నామాలో రాయించండి. హిజ్రీ తేదీ పక్కన ఇంగ్లీషు తేదీ ఉండాలి. పెళ్ళయ్యాక పేరు మార్చుకోవలసిన అవసరం లేదు. కువైట్, యూఏఈలకు సర్టిఫికెట్‌ను రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత కేంద్ర విదేశాంగ శాఖ, తర్వాత ఆ దేశ ఎంబసీ ధృవీకరించాలి.

ఇద్దరిలో ఎవరికైనా ఇది రెండో పెళ్ళి అయితే మొదటిది ఎలా ముగిసిందో రుజువు అడుగుతారు. నోటిమాట తలాఖ్ అక్కడ నిలబడదు, 2019 చట్టం తర్వాత మూడు తలాఖ్‌లు ఒకేసారి చెప్పడం ఇక్కడా చెల్లదు, నేరం కూడా. ఫ్యామిలీ కోర్టు డిక్రీ ఉంటే చిక్కులు తగ్గుతాయి. మొదటి భార్య ఉండగా రెండో భార్యకు అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలు వీసా ఇవ్వవు.

విదేశీయులే వరుడైనా, వధువైనా

1991లో హైదరాబాద్ నుంచి బయలుదేరిన విమానంలో ఒక సౌదీ వృద్ధుడి పక్కన ఏడుస్తున్న చిన్న పాపను విమాన సిబ్బంది గమనించి కాపాడారు. 2017 సెప్టెంబర్‌లో అదే నగరంలో ఇలాంటి పెళ్ళిళ్ళ కేసులో ఒమన్, ఖతార్ దేశస్థులతో పాటు ఖాజీలను కూడా పోలీసులు అరెస్టు చేశారు. సౌదీ పౌరుడు విదేశీ స్త్రీని పెళ్ళి చేసుకోవాలంటే వాళ్ళ హోం శాఖ అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రం చూడకుండా నికాహ్ చదివించే ఖాజీ, సంతకం పెట్టే వలీ ఇద్దరూ పిల్ల బతుకుతో ఆడుకున్నట్టే.

విదేశీ వధువు గానీ వరుడు గానీ మన దగ్గరికి వచ్చి ఉండాలంటే మొదట ఎంట్రీ వీసా తీసుకుంటారు. పెళ్ళి నమోదై రెండేళ్ళు కాపురం నిలిచాక ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేయవచ్చు. పాకిస్తాన్, బంగ్లాదేశ్ వారికి ఓసీఐ ఇవ్వరు. భారత పౌరసత్వం కోరాలంటే ఏడేళ్ళు ఇక్కడ నివసించి ఉండాలి.

మంగ్నీకి ముందు అడగవలసినవి

అబ్బాయి హోదా ఏమిటి, అది ఎప్పటివరకు? జీతం ఎంత, రుజువు ఉందా? భార్యను ఏ వీసా మీద, ఎవరి స్పాన్సర్‌షిప్‌తో పిలుస్తారు? దరఖాస్తు ఎవరు, ఎప్పుడు వేస్తారు? అక్కడ ఆమె చదువుకోవచ్చా, పని చేయవచ్చా? ఇంతకుముందు పెళ్ళి జరిగిందా? ఈ జవాబులు రాసి పెట్టుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఏజెంటు మాట కాకుండా ఆ దేశ ప్రభుత్వ అధికారిక సమాచారంతో సరిచూడండి.

పిల్ల వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టు, వీసా, నికాహ్‌నామా, పెళ్ళి సర్టిఫికెట్ నకళ్ళు ఒక జత పుట్టింట్లో ఉంచుకోండి. అక్కడి భారత ఎంబసీ నంబరు పిల్ల ఫోన్‌లో ఉండాలి. కష్టం వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్ఆర్ఐ విభాగం, మన రాష్ట్ర ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఫిర్యాదులు తీసుకుంటాయి. కాగితాలు చేతిలో ఉన్నవాళ్ళకు ఆ సాయం త్వరగా అందుతుంది.

ప్రతి జమాఅత్‌లోనూ నికాహ్ రిజిస్టర్‌తో పాటు విదేశీ సంబంధాల కోసం ఒక పేజీ అదనంగా పెట్టి, పై ప్రశ్నలకు జవాబులు, నకళ్ళు చూశాకే ఖాజీ సాబ్ తేదీ ఇచ్చే పద్ధతి మొదలుపెడితే బాగుంటుంది. అందుకు ఖర్చేమీ కాదు. అడగడానికి మొహమాటపడే పేద తండ్రి తరఫున జమాఅతే అడిగినట్టు అవుతుంది.