ఎనిమిది గళ్ల అక్షరం

పాత వీడియో గేముల్లో కనిపించే మొద్దు అక్షరం కొలత అడ్డం 8 గళ్లు, నిలువు 8 గళ్లు. మొత్తం 64 చుక్కలు. వెలిగితే 1, ఆరితే 0. వరసకు ఒక బైటు, అంటే అక్షరానికి 8 బైట్లు. ఇంగ్లిషు పెద్దక్షరాలు 26, అంకెలు 10 కలిపినా 288 బైట్లలో సర్దుకుంటాయి. మెమరీ ఖరీదైన 1970ల్లో అందం కంటే ముందు చూసింది ఈ పొదుపునే.

1976లో అటారీ అనుబంధ సంస్థ కీ గేమ్స్ తెచ్చిన 'క్విజ్ షో' ఆటలో ఈ అక్షరాలున్నాయి. జపాన్ కంపెనీ నామ్‌కో వాటినే కాస్త సవరించి వాడుకుంది. 1980 నాటి పాక్‌మాన్ స్కోరు చూసినవాళ్లకు ఆ రూపం పరిచయమే. ఇప్పుడు ఉచితంగా దొరికే 'ప్రెస్ స్టార్ట్ 2పీ' ఫాంటు ఆ నామ్‌కో అక్షరాల వారసుడే.

ఆ 64 గళ్లూ గీతకు దక్కవు. పక్క అక్షరానికీ కింది పంక్తికీ అంటుకోకుండా ఒక నిలువు వరస, ఒక అడ్డు వరస ఖాళీగా వదలాలి. మిగిలేవి 49. అందులోనూ నిలువు గీత మందం 2 చుక్కలు, అడ్డగీతది 1. పాత పిక్చర్ ట్యూబులో కిరణం అడ్డంగా పరుగెడుతుంది; ఒంటరి చుక్క దగ్గర అది పూర్తిగా వెలిగేలోపే ఆరిపోవాల్సి వచ్చి చుక్క పాలిపోయేది. రెండు పక్కపక్కనే ఉంటే కంటికి ఆనేది. ఇవాళ మనం 'రెట్రో స్టైల్' అని మురిసిపోయే దళసరితనం నిజానికి ట్యూబు లోపానికి వేసిన మాసిక.

తెలుగుకు వస్తే లెక్క తప్పుతుంది. 36 హల్లులకు 13 గుణింత రూపాలు విడివిడిగా గీస్తే 468. నింటెండో పాత యంత్రం వెనుక దృశ్యానికి ఒకేసారి ఇచ్చేది 256 బొమ్మలే, గోడలూ మబ్బులూ కూడా అందులోనే. ముక్కలుగా గీసి అతికిద్దామన్నా 'స్త్రీ'కి పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. ఏడు వరసల్లో ఇమడదు. నన్నడిగితే 16 వరసలైనా కావాలి.

మీ ఆటలో ఈ ఎనిమిది గళ్ల ఫాంటు వాడితే సైజు 8, 16, 24 పిక్సెళ్లలోనే పెట్టండి. 20 పెడితే ఒక్కో చుక్కకు రెండున్నర పిక్సెళ్లు వచ్చి అంచులు మసకబారతాయి. పేరుకు, స్కోరుకు సరే. కథ చెప్పే పేరాలకు వద్దు. 256 పిక్సెళ్ల వెడల్పు తెరలో పంక్తికి పట్టేది 32 అక్షరాలే.