చదువు అప్పు – వడ్డీ లెక్క

జి. కొండూరు పరిసరములలో మామిడితోట గల రైతునకు ఒక లెక్క కంఠోపాఠము. అంటుమొక్క నాటిన నాలుగైదేండ్లకు గాని కాపు చేతికి రాదు. అంతవరకు ఖర్చే గాని రాబడి లేదు. బిడ్డ ఉన్నతవిద్యకై బ్యాంకులో తీసికొను ఋణమును ఇట్టిదే. చదువుకాలము, ఆపై సాధారణముగా ఒక సంవత్సరము గడచిన తరువాతనే వాయిదాలు మొదలగును. అయితే వాయిదా ఆగినంత మాత్రమున వడ్డీయు ఆగునని పెక్కుమంది పొరబడుచున్నారు.

ఒక ఉదాహరణము చూతము. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువునకు బ్యాంకు ప్రతి సంవత్సరారంభమున లక్ష రూపాయలు, నూటికి ఏడాదికి 10 రూపాయల సాధారణ వడ్డీపై ఇచ్చినదనుకొందము. వాయిదాలు మొదలగునాటికి మొదటి లక్షపై 50 వేలు, రెండవదానిపై 40 వేలు, తక్కినవానిపై వరుసగా 30 వేలు, 20 వేలు వడ్డీ పేరుకొనును. నాలుగు లక్షల అప్పు 5,40,000 రూపాయలగును. తోట రాబడి ఏటికొక్కమారు, వాయిదా నెలనెలా. ఉద్యోగము ఆలస్యమై, ఆ ఏడే గాలివాన కాయను రాల్చినచో, తలిదండ్రుల గతి యేమి?

ఉపాయములు లేకపోలేదు. చదువుకాలమునందే వడ్డీ కట్టుచు వచ్చినచో అప్పు పెరుగదు. అట్టివారికి కొన్ని బ్యాంకులు వడ్డీలో ఒక శాతము తగ్గించును. 2009లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పథకము క్రింద, కుటుంబ వార్షికాదాయము 4.5 లక్షలకు మించనిచో, గుర్తింపు గల సంస్థలలో వృత్తి, సాంకేతిక విద్య నభ్యసించువారికి ఈ విరామకాలపు వడ్డీని ప్రభుత్వమే భరించును. కావున ఆదాయ ధ్రువపత్రము ముందే తెచ్చుకొని, సంతకము చేయుటకు పూర్వమే బ్యాంకులో ఈ సంగతులు విచారింపవలెను. మొక్క నాటునాడే కాపుకాలము లెక్కించు రైతునకు ఇది కష్టము కాదు.